నిమిషానికి పన్నెండు లీటర్లు

పోతోంది. ఇంకా పోతోంది. పోనీ, ఎంత పోతుందో పోనీ, నాకేం, అనుకుంటూ ఆమె ముందుగదిలోని తన పార్లర్ కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుంది. వంటింటి పక్క బాత్రూములో కింది పంపు పూర్తిగా తిప్పి ఉంది. ధార మొదట బకెట్టు అడుగున మోగింది, బకెట్టు నిండుతున్నకొద్దీ గొంతు మార్చుకుంది, ఇప్పుడు పొర్లి గచ్చు మీద పడి తూములోకి పోతోంది. ఆ చప్పుడు నడవ దాటి ముందుగది దాకా వచ్చి ఆమె చెవుల్లో తేనె పోస్తోంది. ఎనిమిది నెలలైంది ఈ ఇంట్లో నీళ్ళు నోరు విప్పి. లోపల ఉన్నది పరాయివాళ్ళు కాదు, సాక్షాత్తూ మామగారు. వీధి వీధంతా లీటర్ల తాత అని పిలుచుకునే మామగారు. ఎవరింట్లోనైనా పంపు చుక్కలు కారుతుంటే గుమ్మంలో నిలబడి, రోజుకెంత పోతుందో తెలుసా అని నిలదీసి, వాళ్ళ వాషరు మార్చి మరీ వచ్చే పెద్దమనిషి. అంతటి మహానుభావుడు ఇప్పుడు పంపు బార్లా వదులుకుని జలకాలాడుతున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు కాబోలు. చూడక్కర్లేదు, వినబడితే చాలు. ఎదురుగా నిలువుటద్దంలో, వెనక గోడ మీది గడియారం తిరగబడి కనిపిస్తోంది. పొద్దస్తమానం అద్దంలోకి చూస్తూ జుట్లు కత్తిరించే మనిషికి తిరగబడ్డ గడియారమే తిన్నగా కనిపిస్తుంది. మూడూ ఇరవై. పంపు విప్పింది మూడూ పదికి. పది నిమిషాలు, నిమిషానికి పన్నెండు లీటర్లు, వెరసి నూట ఇరవై. ఆ లెక్క ఆమెకు నేర్పింది కూడా ఆయనే.

నేర్పాడంటే ముద్దుగా కూర్చోబెట్టి నేర్పలేదు. వచ్చిన రెండో రోజు పొద్దున్నే, ఆమె గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి, లీటరు మగ్గు పంపు కింద పెట్టి ఒకటీ రెండూ మూడూ అని పైకే లెక్కపెట్టాడు. అయిదు అనేసరికి మగ్గు నిండింది. "అయిదు సెకన్లకు లీటరు. నిమిషానికి పన్నెండు. ఆ గిన్నె తోముతున్నంతసేపూ పంపు వదిలేశావు కదా అమ్మాయ్, ఎంత పోయిందో చెప్పు చూద్దాం," అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని పట్టుకుని ఎక్కం అప్పజెప్పమనడం ఏమిటి? మూడో రోజుకు ఆమె పాత రబ్బరు చెప్పులు మాయమయ్యాయి. ఇల్లంతా వెతికితే పెరటి మెట్ల మీద దొరికాయి, అడుగు నిండా సీసా మూతంత గుండ్రాలు కోసేసి. ఒక్కో బిళ్ళకూ పొయ్యి మీద కాల్చిన దబ్బనంతో నడిమధ్య చిల్లి పొడిచి, షవరు మెడ విప్పి అందులో ఒకటి, వంటింటి పంపులో ఒకటి, చేతులు కడుక్కునే చోట ఒకటి, బాత్రూములో బకెట్టు పంపుకు ఒకటి బిగించేశాడు. ముప్ఫై నాలుగేళ్ళు వీధివీధికీ తిరిగి నీళ్ళ వాల్వులు తిప్పిన చెయ్యి, రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా? మళ్ళీ మగ్గు పెట్టి లెక్కపెట్టాడు. ఈసారి పన్నెండు సెకన్లు పట్టింది. "చూశావా, నిమిషానికి అయిదు లీటర్లే. మొహానికి తేడా తెలుస్తుందా?" అని పసిపిల్లాడిలా మురిసిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చిన భర్త కూడా మురిసిపోయాడు. అరిగిపోయిన తన చెప్పు ముక్కలోంచి కారిన నీళ్ళతో తను మొహం కడుక్కోవాలి, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాలి. ఆ రోజు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఇప్పటిదాకా దిగలేదు.

మొహం సంగతి సరే, ఒళ్ళు? రోజుకు పది తలలు కత్తిరిస్తుంది తను. సాయంత్రానికి మెడ కింద, జాకెట్టు లోపల, చెవుల వెనక, ఎక్కడపడితే అక్కడ ఎవరెవరివో వెంట్రుక ముక్కలు. సూదుల్లా గుచ్చుకుంటాయి. నెత్తి మీద నుంచి ధారగా నీళ్ళు పడితేనే కానీ పోవు. పది గంటలు నిలబడ్డ కాళ్ళతో షవరు కిందికి వెళితే, పైనుంచి ఈనెపుల్లల్లాంటి పది దారాలు. ఒక భుజం తడిస్తే ఇంకో భుజం ఆరిపోతుంది. వెంట్రుకలు అక్కడి నుంచి ఇక్కడికి జరుగుతాయి తప్ప దిగిపోవు. అప్పుడు తలుపు మీద చప్పుడు. టక్, టక్. గట్టిగా కాదు, వేలి కణుపుతో, మర్యాదగా. అయిదు నిమిషాలైందని గుర్తు. ఒక్క మాట అనడు. అంటే తిరిగి అనొచ్చు కదా, ఆ అవకాశం ఇవ్వడు. ఒంటి నిండా సబ్బుతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా, తలుపుకు ఇవతల కోడలు, తలుపుకు అవతల చేతికి గడియారం పెట్టుకున్న మామగారు. ఏ ఇంట్లోనైనా ఉందా ఇది? భర్తతో చెప్పుకుంటే నవ్వాడు. "నాన్నకది అలవాటే. మా చిన్నప్పుడు మాకూ కొట్టేవాడు," అన్నాడు. చిన్నప్పుడు కొట్టించుకున్నవాళ్ళకు అలవాటై ఉంటుంది. ఆమెకు మాత్రం ఆ టక్ టక్ కలలోకి కూడా వచ్చేది. అలాంటిది ఇప్పుడు పన్నెండు నిమిషాలైంది. కొట్టనా టక్ టక్మని? ఊహూఁ. కొట్టదు. చచ్చినా కొట్టదు. ఆయన తన తలుపు మీద కొట్టినన్ని సార్లు తను కొట్టాలంటే సాయంత్రం దాకా కొట్టాలి.

కొట్టకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. నాలుగింటికి వదిన కారేసుకుని వస్తుంది. వదిన అంటే భర్త అక్క. ఎనిమిది నెలల క్రితం ఇదే కారులో తండ్రిని తెచ్చి దించి, "మీ దగ్గరైతే నాన్నకు కాలక్షేపంగా ఉంటుంది," అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడు తీసుకెళుతోంది, కానీ రెండు నెలలకే. తర్వాత మళ్ళీ మీ వంతు, అని ముందే బేరం పెట్టుకుంది. రెండు నెలలు! ఆయన మళ్ళీ ఈ గడప తొక్కకూడదు, ఆమెకు కావలసింది అంతే, ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. దానికి అడ్డం మొగుడు. ఎప్పుడు ఆ మాట ఎత్తినా ఒకటే పాట. "నాన్న చేసిన తప్పేంటో చెప్పు. నీళ్ళు తగ్గించమంటాడు. ఆయనేమైనా మనకొక రూలు, తనకొక రూలు పెట్టాడా? ఒక్క బకెట్టుతో స్నానం ముగిస్తాడు, అదీ నిండా పట్టడు." నిజమే మరి, ఆ ముసలాయన మీద ఎన్ని చెప్పినా ఆ ఒక్కటి చెప్పలేం. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాం. ఈ రోజు చెప్పగలం. మందుల షాపుకు వెళ్ళిన మొగుడు ఏ క్షణాన్నైనా వస్తాడు. వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఆ చప్పుడు తన చెవులతో తనే వినాలి. "ఎవరది లోపల?" అని అడగాలి. "ఇంకెవరు, మీ నాన్నగారే. మూడూ పది నుంచి," అని తను తాపీగా చెప్పాలి. అందుకే పంపు కట్టించకూడదు. ఒక్క చుక్క కూడా తగ్గకూడదు. మూడూ ఇరవై నాలుగు. నూట అరవై ఎనిమిది.

ఒళ్ళో ఉన్న తువ్వాళ్ళను ఒక్కొక్కటే చుట్టి బుట్టలో పేరుస్తోంది. ఈ రోజు సెలవు, కస్టమర్లు లేరు. ఉన్న కస్టమర్లు కూడా తగ్గారు, ఎవరి పుణ్యం? గది మూలన తలలు కడిగే బేసిన్ ఉంది, మెడ ఆన్చుకోవడానికి గుంట ఉన్న నల్ల బేసిన్, దానికో గొట్టం, గొట్టానికో చిన్న షవరు. నెల క్రితం, ఆమె బజారుకు వెళ్ళిన అరగంటలో, ఆయన దాన్ని కూడా విప్పి ఓ బిళ్ళ పెట్టేశాడు. మాటైనా చెప్పలేదు. మర్నాడు బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చింది, ఏడేళ్ళుగా వస్తున్న మనిషి. రంగు వేసి, ముప్ఫై అయిదు నిమిషాలు ఉంచి, కడగబోతే గొట్టంలోంచి ఏడుపు ధార. కడుగుతోంది, కడుగుతోంది, నురుగు పోదు, రంగు దిగదు. ఆవిడ "మంటండీ, మంట" అని లేచి కూర్చుంది. వంటింట్లోంచి బకెట్టు మోసుకొచ్చి చెంబుతో పోసింది. నుదుటి మీద, చెవుల పక్కన ఎర్రగా కంది, నల్ల మరకలు మిగిలాయి. ఆవిడ తిట్టలేదు, అదే బాధ. తువ్వాలుతో తల చుట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, "పర్లేదులెండి" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ రోజు ఆమె ఒంటికాలి మీద లేచింది. నడవలో నిలబెట్టి నోటికొచ్చినట్టు దులిపేసింది. ఆయన తల దించుకుని అంతా విన్నాడు. విని, "అది వేరే సంగతి అమ్మాయ్, అక్కడ పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు. వేరే సంగతి! ఏడేళ్ళ నమ్మకం పోతే ఆయనకది వేరే సంగతి. అప్పటి నుంచి మాటల్లేవు. కంచం పెట్టి గోడతో చెబుతుంది, ఆయన తిని కంచంతో చెబుతాడు.

మూడూ ముప్ఫై. రెండు వందల నలభై. ఆహా. ఆయన రెండు వారాల స్నానాలు ఇరవై నిమిషాల్లో ఖర్చు. ఈ రోజు పొద్దున మొగుడు ఎలాగో ధైర్యం తెచ్చుకుని, నీళ్ళు నములుతూనే, "వెళ్ళేలోపు ఆ బిళ్ళలు తీసేయి నాన్నా, తనకు ఇబ్బందిగా ఉంది," అన్నాడు. ముసలాయన కిక్కురుమనకుండా స్పానరు తీసుకుని ఒక్కొక్కటే విప్పాడు. వంటింట్లో, చేతులు కడుక్కునే చోట, చివరికి బాత్రూములో. వంగినప్పుడు ఎడంచెయ్యి మాట వినలేదు, స్పానరు రెండుసార్లు జారి కింద పడింది. తను తియ్యలేదు. ఎందుకు తీస్తుంది? పెట్టినప్పుడు ఎవరైనా సాయం పట్టారా? తర్వాత సరిగ్గా మూడింటికి తువ్వాలు భుజాన వేసుకుని నడవలోకి వచ్చాడు, ప్రయాణానికి ముందు స్నానం. ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు, ఆమె దువ్వెనల వైపు తిరిగిపోయింది. అద్దంలో టైము చూసుకుంది. ఒకసారి నేనూ నీ స్నానం లెక్కపెడతానులే, అనుకుంది కసిగా. మూడూ నాలుగుకి లోపల దబ్బుమని చప్పుడైంది. బకెట్టు ఎత్తి కొట్టినట్టున్నాడు, లేకపోతే పీటను తన్నాడు. పోతూ పోతూ కూడా ఎంత పొగరు, ఎవరి మీద ఆ విసురు? తర్వాత ఆరు నిమిషాలు చడీ చప్పుడూ లేదు. అలిగి కూర్చున్నాడు అనుకుంది. ఆ తర్వాత పంపు తెరుచుకుంది, మెల్లగా, కొంచెం కొంచెంగా, ఆపైన పూర్తిగా. ఓహో, ఇదన్నమాట, బిళ్ళలు తీయించింది నేను, భోగం మీదా? ఎనిమిది నెలలు నా నోరు కట్టేసి, కట్లు విప్పిన రోజున మొదటి స్నానం ఆయన చేస్తున్నాడు.

ఆ నీళ్ళు నావి. ఆ ధార నాది. ఈ ఇంట్లోకి కాపురానికి వచ్చిన రోజు ఆమె మొదట చూసింది గదులు కాదు, పంపు. తిప్పింది. వచ్చాయి. ఇంకా తిప్పింది, ఇంకా వచ్చాయి. ఎవరూ చూడకుండా కాసేపు ఆ ధార కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పుట్టింటి వీధిలో వాళ్ళదే చివరి ఇల్లు, వీధి ఎత్తులో ఉన్న ఇల్లు. రోజూ గంట నీళ్ళు. ముందువాళ్ళందరూ పట్టుకున్నాక, వాళ్ళ బకెట్లూ డ్రమ్ములూ నిండాక, వాళ్ళ గుమ్మాలు కడిగాక, అప్పుడు వీళ్ళ గొట్టంలో గాలి ఈలవేసేది, తర్వాత దగ్గేది, తర్వాత సన్నగా వచ్చేది. సగం బకెట్టు నిండేలోపు వాల్వు మనిషి వచ్చేవాడు, వాల్వు తిప్పే పొడుగాటి ఇనప చెవి భుజాన వేసుకుని. అమ్మ కొంగు బిగించి వీధిలోకి పరిగెత్తేది. "ఒక్క పది నిమిషాలు ఆగు నాయనా, పిల్లలకు తలస్నానాలు," అని బతిమాలేది. వాడు అమ్మ వైపు కూడా చూసేవాడు కాదు. "నా డ్యూటీ గంటేనమ్మా," అని చెవి గుంటలో దింపి గిరగిరా తిప్పేసేవాడు. సగం బకెట్టుతో ఇద్దరు అక్కచెల్లెళ్ళ తలలు. సబ్బు వదలని జుట్టు అట్టలు కట్టి బళ్ళో పిల్లలు ముక్కులు మూసుకునేవారు. అందుకే కాబోలు ఆమె ఈ పనిలోకి వచ్చింది. ఎవరి తలైనా సరే, వేళ్ళ కింద జుట్టు కిచకిచలాడేదాకా కడిగి పంపుతుంది. మామగారు ఒకసారి అన్నం తింటూ కొడుక్కి చెబుతుంటే వింది. "చివరి ఇంటికి నీళ్ళు చేరాలంటే మొదటి ఇల్లు పంపు తగ్గించుకోవాలిరా. వాల్వు ఎంత తిప్పినా లాభం లేదు. ముప్ఫై ఏళ్ళు చూశాను." అప్పుడు ఆమెకు కంచం విసిరికొట్టాలనిపించింది. ఆ చివరి ఇల్లు మాదే అయ్యా, కట్టేసింది మీ వాళ్ళే, ఇప్పుడొచ్చి నాకు పాఠాలా? ఆ మాట ఆయనతో అనలేదు. భర్తతో కూడా అనలేదు. ఆ మనిషి ఈయన కాదు, ఊరూ వేరు, ఏళ్ళూ వేరు, తెలుసు. కానీ ఆ ఇనప చెవి మోసిన భుజాలన్నీ ఆమెకు ఒకేలా కనిపిస్తాయి.

మూడూ ముప్ఫై ఎనిమిది. మూడు వందల ముప్ఫై ఆరు. మా ఆయన ఇంకా రాడేం? ఫోను చేసింది. "లైన్లో ఉన్నాను, నా ముందు ఇద్దరున్నారు. నాన్న తయారయ్యాడా?" అన్నాడు భర్త. "అవుతున్నారు," అంది. గొంతులో నవ్వు దాచుకోవడం కష్టమైంది. "తొందరగా రండి." "అక్క వచ్చేసిందా?" "లేదు, మీరు రండి ముందు." ఫోను పెట్టేశాక గది మరీ నిశ్శబ్దంగా అనిపించింది, నీళ్ళ చప్పుడు తప్ప. ఒకే చప్పుడు. మధ్యలో చెంబు ముంచిన చప్పుడు లేదు. నెత్తిన పోసుకుంటే ధార తెగుతుంది కదా, బుడుంగుమంటుంది, ఒంటి మీద నుంచి జారి చిందుతుంది. అలాంటిదేం లేదు, ఒకే చప్పుడు, గీత గీసినట్టు. పంపు కింద తల పెట్టుకుని కూర్చున్నాడేమో. అదైతే ఇంకా చప్పుడు మారాలి. తల మీద పడ్డ నీళ్ళ చప్పుడు తనకు తెలియదా, పద్నాలుగేళ్ళుగా వింటున్నది? ఆమె చేతిలోని తువ్వాలు సగంలో ఆగింది.

లేచింది. నడవలోకి నడిచింది, చెప్పులు చప్పుడు కాకుండా. బాత్రూము తలుపు కింద నుంచి సన్నగా తడి బయటికి పాకింది. దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది. నీళ్ళ చప్పుడు కింద ఇంకేదో ఉంది, సన్నగా, సాగదీసి, ఆగి, మళ్ళీ సాగదీసి. ఊఁ అంటున్నాడా, ఆఁ అంటున్నాడా? కూనిరాగం! ముసలాయన కూనిరాగం తీస్తున్నాడు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చెయ్యి అప్పటికే తలుపు దాకా వెళ్ళింది, వేలి కణుపు మడిచి ఉంది, ఒక్కసారి కొడితే చాలు, టక్ టక్. చెయ్యి అలాగే గాల్లో ఆగింది. కొడితే ఏమవుతుంది? పంపు కట్టేస్తాడు. తువ్వాలు చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు, కడిగిన ముత్యంలా బయటికి వస్తాడు. మొగుడు వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అరగంట పైగా పంపు వదిలాడంటే ఎవరు నమ్ముతారు? "నాన్నా? ఛ, నువ్వు ఏదైనా చెబుతావు," అంటాడు. రెండు నెలలకు కారు మళ్ళీ గుమ్మంలో ఆగుతుంది. చెప్పు ముక్కలు మళ్ళీ పంపుల్లోకి ఎక్కుతాయి. ఆమె చెయ్యి దించేసుకుంది. పాడుకోండి మామగారూ, గొంతెత్తి పాడుకోండి. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, కాలితో నేల మీద తన్ని ఒక చుట్టు తిరిగింది, అద్దం, కిటికీ, బేసిన్, మళ్ళీ అద్దం. మూడూ నలభై మూడు.

మూడు వందల తొంభై ఆరు. ట్యాంకు అయిదు వందల లీటర్లు. పొద్దున మోటారు వేశాక గిన్నెలకూ గచ్చుకూ కాస్త పోయి ఉంటుంది. ఇంకో ఏడెనిమిది నిమిషాల్లో అడుగంటుతుంది. ఆలోపు రావాలి మొగుడు, రావాలి. వస్తే ఏమంటాడు? మొదట నమ్మడు. తర్వాత మొహం మాడిపోతుంది. పాపం అనిపించింది ఒక్క క్షణం, తండ్రి మీద అంత నమ్మకం పెట్టుకున్న మొగుడి మీద. ముసలాయన మీద కాదు. ఆయన మీద ఎందుకనిపించాలి? ఎనిమిది నెలల్లో తనకు ఒక్కసారైనా, ఒక్క సాయంత్రమైనా, అలసిపోయావు అమ్మాయ్ ఈ పూటకు పోసుకో, అన్నాడా? అనలేదు, కానీ ఒక్కసారి తలుపు కొట్టకుండా ఊరుకున్నాడు. జ్వరం వచ్చినప్పుడు. మూడు రోజుల తర్వాత స్నానానికి వెళితే అయిదు నిమిషాలైనా తలుపు చప్పుడు కాలేదు. పది నిమిషాలైనా కాలేదు. బయటికి వచ్చేసరికి నడవ చివర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "ఏం లేదు, కళ్ళు తిరిగి పడతావేమోనని," అన్నాడు. అది కూడా కాపలాయే అనుకుంది అప్పుడు. ఇప్పుడు కూడా అలాగే అనుకోవాలని చూసింది, కానీ ఆ మాట మనసులో సరిగ్గా కూర్చోలేదు. పడతావేమోనని. దాన్ని పక్కకు తోసి లెక్కలోకి వెళ్ళింది. నాలుగు వందల ముప్ఫై రెండు. నాలుగు వందల యాభై ఆరు. కారు చప్పుడు కాదు, ఎవరిదో ఆటో. తువ్వాళ్ళన్నీ అయిపోయాయి, చుట్టినవే విప్పి మళ్ళీ చుడుతోంది.

మూడూ యాభై ఒకటికి ధార సన్నబడింది. గొట్టంలో గాలి ఈలవేసింది, తర్వాత దగ్గింది. తర్వాత ఏమీ లేదు. నలభై ఒక్క నిమిషాలు అలవాటైన చెవుల మీద నిశ్శబ్దం చెంపదెబ్బలా పడింది. ఇప్పుడు తలుపు తెరుచుకోవాలి. తువ్వాలు దులిపిన చప్పుడు రావాలి, దగ్గు రావాలి. రాలేదు. కూనిరాగం వచ్చింది. నీళ్ళు అడ్డం లేకపోయేసరికి అది కూనిరాగంలా లేదు. మూలుగు. ఆగి, మళ్ళీ మూలుగు. తర్వాత ప్లాస్టిక్ మగ్గు గచ్చు మీద తగిలిన చప్పుడు, ఒకటి, రెండు, చాలాసేపటికి మూడు.

ఆమె ఎలా వెళ్ళిందో ఆమెకు తెలియదు. నడవలో తడికి కాలు జారి గోడకు కొట్టుకుంది. "మామయ్యా!" నెల రోజుల తర్వాత మొదటి పిలుపు. తలుపు మీద రెండు చేతులూ వేసి బలమంతా పెట్టి తోసింది, అంత బలం అక్కర్లేకపోయింది. గడియే పెట్టలేదు. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది, ఇంతసేపూ. ఆయన నేల మీద పక్కకు పడి ఉన్నాడు, పంచె తడిసి ముద్దై, ఎడంచెయ్యి ఒంటి కింద ఇరుక్కుని. పీట తలకిందులుగా పడి ఉంది. కుడిచెయ్యి మగ్గు పట్టుకుని ఉంది, పంపు దాకా పాకిన మనిషి బకెట్టు పక్కనే మిగిలిపోయాడు. చన్నీళ్ళలో అంతసేపు నానిన వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి. నోరు ఒక పక్కకు లాగేసింది. ఆమె మోకాళ్ళ మీద పడి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. రోజుకు పది తలలు పట్టుకునే చేతులకు ఆ తల ఎంత బరువుందో తెలిసింది. కళ్ళు ఆమెను చూశాయి, గుర్తుపట్టాయి. పెదాలు కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టింది.

"అరిచాను... వినబడలేదు," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "అందుకే పంపు... నీళ్ళు వదిలేస్తే... తిట్టడానికైనా వస్తావు కదా అని... అమ్మాయ్."

ఆమె లేచి ముందుగదిలోకి పరిగెత్తింది. తువ్వాళ్ళు తెచ్చింది, బుట్టెడు తువ్వాళ్ళూ ఆయన మీద కప్పింది. ఫోను తీసి అంబులెన్సుకు చేసింది. అవతల ఒక ఆడగొంతు తాపీగా అడుగుతోంది, ఇల్లెక్కడ, వయసెంత, మాట్లాడుతున్నారా, చెయ్యి ఎత్తగలుగుతున్నారా. చెబుతోంది. వీధి తలుపు చప్పుడైంది. "నాన్నా!" భర్త నడవలో నిలబడిపోయాడు, చేతిలో మందుల సంచి, నేల మీద తండ్రి. అతను పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డాడు. "ఎప్పుడైంది? ఇప్పుడేనా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు ఫోనులో గొంతు అదే అడిగింది. "పడి ఎంతసేపైందమ్మా? కచ్చితంగా చెప్పండి. దాన్నిబట్టే డాక్టర్లు మందు ఇవ్వాలో వద్దో చూస్తారు."

ఇప్పుడే, అని చెప్పొచ్చు. చూసుకోలేదు, అని చెప్పొచ్చు. నేను ముందుగదిలో ఉన్నాను, వినబడలేదు, అని చెప్పొచ్చు, ముసలాయన కాదనడు, కాదనే ఓపిక ఆయనకు లేదు. భర్త ఆమె మొహం వైపే చూస్తున్నాడు. అతని చేతి గడియారంలో మూడూ యాభై అయిదు, లోపల దబ్బుమన్నది మూడూ నాలుగుకి.

"యాభై ఒక్క నిమిషాలు," అంది ఆమె, అతని కళ్ళలోకి చూస్తూనే.